భాషా పాఠం ఆన్‌లైన్‌కు వెళ్ళేముందు

(విజయవాడలో డిగ్రీ, పీజీ కళాశాలల భాషాధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, ఉదయాన్నే బయలుదేరి తెనాలి, నరసరావుపేట, బాపట్ల, నూజివీడు, మచిలీపట్నం నుంచి వచ్చిన అధ్యాపక మిత్రులకు నమస్కారం.

విశ్వవిద్యాలయ స్థాయి భాషా కోర్సుల్లో ఆన్‌లైన్ అభ్యసనాన్ని ఎలా ప్రవేశపెట్టాలన్నది నాకు అప్పగించిన విషయం. నా అభిప్రాయాన్ని ముందే చెప్పి, తర్వాత కారణాలు వివరిస్తాను. ఒక విద్యార్థి వారానికి ఎన్నిసార్లు నోరు విప్పి మాట్లాడాడు, ఎన్నిసార్లు కలం పట్టి రాశాడు, అలా మాట్లాడినదానికీ రాసినదానికీ ఎన్నిసార్లు జవాబు అందుకున్నాడు అన్నదే భాషా కోర్సుకు నేను పెట్టుకున్న కొలత. ఆన్‌లైన్ పద్ధతి వల్ల ఆ సంఖ్య పెరిగితే మనస్ఫూర్తిగా ఆహ్వానిద్దాం. మన ఉపన్యాసాన్నే తీసుకెళ్ళి ఫోనులో పెట్టి, విద్యార్థిని తరగతిలో కంటే ఇంకా మౌనంగా కూర్చోబెట్టేట్టయితే మాత్రం అందుకోసం ఇంత శ్రమ, ఇంత ఖర్చు అక్కరలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మనమందరం రాత్రికి రాత్రి ఆన్‌లైన్ అధ్యాపకులమయ్యాం. తెరమీద విద్యార్థుల పేర్లు కనిపించేవి గాని ముఖాలు కనిపించేవి కావు. గంటసేపు మాట్లాడి, చివర ‘అర్థమైందా’ అని అడిగితే ఇద్దరో ముగ్గురో ‘యస్ సార్’, ‘యస్ మేడమ్’ అని టైప్ చేసేవారు. మిగిలినవారు విన్నారో లేదో తెలిసే దారి లేదు. చదువు పూర్తిగా ఆగిపోకుండా నిలిపినందుకు ఆనాటి శ్రమకు విలువ ఉంది. దాన్ని తక్కువ చేయను. అయితే ఆ అనుభవాన్ని పట్టుకుని ఆన్‌లైన్ చదువంటే ఇంతేనని తీర్మానించేవారు ఇప్పటికీ ఉన్నారు. అప్పట్లో రికార్డు చేసిన వీడియోలను చూపించి మన ఆన్‌లైన్ కోర్సు సిద్ధంగానే ఉందనేవారూ ఉన్నారు. ఇద్దరి మాటా సరికాదు. అది ఆపద్ధర్మం. ఆపద్ధర్మాన్ని చూసి ధర్మనిర్ణయం చేయలేం.

మరోవైపు, ఈ విషయంలో నిర్ణయాన్ని వాయిదా వేసే వెసులుబాటు కూడా మనకు లేదు. విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2016లోనే, ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 20 శాతం వరకు ‘స్వయం’ అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ద్వారా చదివి, ఆ క్రెడిట్లను, అంటే డిగ్రీకి లెక్కకు వచ్చే పాయింట్లను, కళాశాలలో జమ చేసుకోవచ్చునని నిబంధన తెచ్చింది. 2017 జూలైలో ఆ వేదిక అధికారికంగా ప్రారంభమైంది. 2021లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచారు. అంటే మనం మన భాషా కోర్సులకు ఆన్‌లైన్ రూపం ఆలోచించినా, ఆలోచించకపోయినా, విద్యార్థి క్రెడిట్లు బయటినుంచి తెచ్చుకునే తలుపు తెరిచే ఉంది. గుంటూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి ఎక్కడ తడబాటు వస్తుందో తెలిసినవాళ్ళం మనం. ఆ కోర్సు తయారుచేయవలసినవాళ్ళమూ మనమే.

స్వయం కోర్సుకు నాలుగు అంగాలు ఉంటాయని మీకు తెలుసు: వీడియో పాఠం, చదువుకునే పాఠం, చర్చావేదిక, మూల్యాంకనం. చరిత్ర, అర్థశాస్త్రం వంటి విషయాల్లో మొదటి రెండు అంగాలు బరువు మోస్తే చాలావరకు పని జరుగుతుంది. భాషలో అలా కుదరదు. భాషా కోర్సును చివరి రెండు అంగాలే మోయాలి. మన దగ్గర ఎక్కువగా జరుగుతున్నది దీనికి సరిగ్గా విరుద్ధం: వీడియోకు స్టూడియో, లైట్లు, బడ్జెట్ ఉంటాయి, విద్యార్థి రాసినదానికి జవాబు ఇచ్చే మనిషి ఉండడు.

దూరవిద్య తెలుగువారికి కొత్తది కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైన ఆ సంస్థే తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమైంది. అచ్చు పాఠాలతో పాటు అధ్యయన కేంద్రాల్లో ముఖాముఖి తరగతులు కూడా ఉండాలన్న పద్ధతి అప్పటినుంచే ఉంది. విద్యార్థికి పుస్తకం పంపిస్తే సరిపోదు, అతని సందేహం వినడానికి ఒక మనిషి కూర్చోవాలి అన్న గ్రహింపు దాని వెనుక ఉంది. అంతకు ముందు రేడియో ఉంది. 1948 డిసెంబరు 1న మన విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైన తర్వాత, ఎన్నో ఇళ్ళలో పిల్లలు స్పష్టమైన తెలుగు ఉచ్చారణను విన్నది రేడియో నుంచే. వినికిడి విషయంలో రేడియో చేసిన మేలు గొప్పది. కాని రేడియో మనకు వినిపించిందే తప్ప మన మాట వినలేదు.

ఈ తేడా ఎంత లోతైనదో కెనడా అనుభవం చెబుతుంది. అక్కడ ఆంగ్లం మాట్లాడే ఇళ్ళ పిల్లలకు పాఠశాలలో ఇతర పాఠాలను కూడా ఫ్రెంచిలోనే చెప్పే పద్ధతి ఉంది. ఏళ్ళ తరబడి అలా చదివిన పిల్లలు విన్నది చక్కగా గ్రహించగలిగారు. మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు మాత్రం వ్యాకరణ దోషాలు వదలలేదు. ఆ పిల్లలను పరిశీలించిన మెరిల్ స్వెయిన్ అనే భాషాశాస్త్రవేత్త 1985లో ఒక ప్రతిపాదన చేశారు: అర్థమయ్యే భాషను వినడం అవసరమేగాని అది చాలదు, నేర్చుకునేవారు తామే వాక్యాలు తయారుచేసి పలికితే తప్ప, తమకు చెప్పాలని ఉన్నదానికీ చెప్పగలుగుతున్నదానికీ మధ్య ఉన్న ఎడం వారి దృష్టికి రాదు. మన విద్యార్థులకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. పదిహేనేళ్ళుగా ఆంగ్ల పాఠాలు విన్నవాడు ఇంటర్వ్యూలో మూడు వాక్యాలు కూర్చలేకపోవడాన్ని ఏటా చూస్తూనే ఉన్నాం. తెలుగులోనూ అంతే. ఇంట్లో ధారాళంగా మాట్లాడే పిల్ల ఒక విషయాన్ని క్రమంగా, వివరంగా పావుగంట వివరించమంటే ఆగిపోతుంది.

ఇప్పుడు మన తరగతి గది లెక్క చూద్దాం. యాభై నిమిషాల పీరియడ్, అరవైమంది విద్యార్థులు. అధ్యాపకుడు ఒక్క మాట కూడా మాట్లాడకుండా మొత్తం సమయాన్ని విద్యార్థులకే పంచిపెట్టినా ఒక్కొక్కరికి యాభై సెకన్లు కూడా దాటదు. భాషా పేపర్లకు బీఎస్సీ, బీకాం సెక్షన్లు కలిపి కంబైన్డ్ క్లాసు పెట్టే కళాశాలల్లో ఆ యాభై సెకన్లు పాతికకు పడిపోతాయి. ఇది అధ్యాపకుడి లోపం కాదు. ఎంతటి సమర్థులైనా కాలాన్ని సాగదీయలేరు. ఆన్‌లైన్ పద్ధతి మనకు నిజంగా ఉపయోగపడే చోటు ఇదే, ఎందుకంటే అరవైమంది ఒకే సమయంలో మాట్లాడినా, రాసినా ఒకరి మాట మరొకరికి అడ్డురాని చోటు అది.

తెలుగు తరగతిలో నుంచే ఒక ఉదాహరణ తీసుకుని దగ్గరగా చూపిస్తాను. ఛందస్సు. గురులఘువులు గుర్తించడం, గణవిభజన, యతిప్రాసలు పోల్చడం అన్నవి సూత్రం తెలిస్తే సరిపోయేవి కావు, చెయ్యి తిరగాలి. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణాలు, పదో అక్షరం యతిస్థానం అని పలకమంటే విద్యార్థి తడుముకోకుండా పలుకుతాడు. పద్యపాదం ఇచ్చి విడదీయమంటే మూడో గణం దగ్గర తప్పిపోతాడు. ‘పద్యము’ అన్న మాటనే ఇచ్చి చూడండి. ‘ప’ హ్రస్వం కాబట్టి లఘువని గుర్తు పెట్టేవారు చాలామంది ఉంటారు. తర్వాతి అక్షరం సంయుక్తమైనందువల్ల ముందున్న ‘ప’ గురువవుతుందని, కాబట్టి ఆ మాట భగణమని, అంటే ఒక గురువు, రెండు లఘువులని, వారికి ఆ క్షణంలో తట్టదు. తప్పు చేసిన ఆ క్షణంలోనే, ‘తర్వాతి అక్షరాన్ని మళ్ళీ చూడు’ అని ఎవరైనా అంటే వెంటనే సర్దుకుంటారు. ఇంటర్నల్ పరీక్ష పేపరు దిద్ది మూడు వారాల తర్వాత ఇస్తే ఆ ఎర్ర గీత వారికి ఏమీ చెప్పదు. అక్షరాలా నియమబద్ధమైన ఇలాంటి అభ్యాసాన్ని యంత్రానికి అప్పగించడంలో మనం కోల్పోయేది లేదు. ‘గుంటూరు’ ఏ గణమో, ‘విజయవాడ’లో రెండు సూర్యగణాలు ఎలా కుదిరాయో చెప్పమని మొదలుపెట్టి, మాటల నుంచి పాదాలకు, పాదాల నుంచి పద్యాలకు విద్యార్థిని నడిపించవచ్చు. ఒకడు ఐదుసార్లు ప్రయత్నిస్తాడు, ఒకడు ముప్పైసార్లు ప్రయత్నిస్తాడు; ముప్పైసార్లు చేసినవాడిని చూసి నవ్వేవారు అక్కడ ఉండరు.

అయితే ఇందులో ఒక షరతు ఉంది. ‘సరైనది’, ‘తప్పు’ అని రెండే మాటలు చెప్పే ప్రశ్నపత్రం భాష నేర్పదు. ప్రతి తప్పు జవాబుకూ దాని కారణం దానికి ఉంటుంది. ‘ప’ను లఘువన్నవాడికి ఇవ్వవలసిన సూచన వేరు, ‘ద్య’నే గురువన్నవాడికి ఇవ్వవలసిన సూచన వేరు. ఏ తప్పుకు ఏ సూచన ఇవ్వాలో తెలిసినది ఏళ్ళుగా పేపర్లు దిద్దిన అధ్యాపకునికే. సాఫ్ట్‌వేర్ సంస్థకు తెలియదు. అలా ఆలోచించి ఇరవై ప్రశ్నలు తయారుచేయడం ఒక ఉపన్యాసం తయారుచేయడం కంటే ఎక్కువ పని అని యాజమాన్యాలు గుర్తించాలి. గణవిభజన ఇలా ఇంటి దగ్గర పూర్తయితే తరగతి గది ఖాళీ కాదు. కవి ఆ చోట ఆ మాటనే ఎందుకు వేశాడు, ఆ పాదం ఎందుకు అక్కడ విరిగింది, చదివేటప్పుడు గొంతు ఎక్కడ ఆగాలి అన్న చర్చకు అప్పుడు గదిలో చోటు దొరుకుతుంది. పద్యం చదవడం మాత్రం తరగతిలోనే జరగాలని నా గట్టి అభిప్రాయం. మనిషి ఎదుట మనిషి గొంతెత్తి చదివినప్పుడు పద్యానికి వచ్చే ప్రాణం ఇయర్‌ఫోనులో రాదు.

ఇక మాట్లాడే అభ్యాసం. వారానికి ఒకసారి ఇచ్చిన విషయంపై రెండు నిమిషాలు మాట్లాడి, ధ్వనిని రికార్డు చేసి పంపమనడం చాలా తేలికైన పని. దీనికి స్టూడియో, ల్యాబ్ అక్కరలేదు. సెకనుకు 32 కిలోబిట్ల నాణ్యతతో రికార్డు చేస్తే ఒక నిమిషం మాటకు 240 కిలోబైట్లు పడుతుంది, అంటే రెండు నిమిషాలకు అర మెగాబైటు కూడా కాదు. సిగ్నల్ సరిగా అందని ఊరి నుంచి కూడా అది వస్తుంది. వీడియో గురించి ఆలోచించేముందు ధ్వని గురించి ఆలోచించమని నేను కోరడానికి కారణం ఇదే. ఒక విద్యార్థిని విషయం చెబుతాను. తరగతిలో ప్రశ్న అడిగితే లేచి నిలబడేది, తల వంచుకునేది, అంతే. ఆమె పంపిన రికార్డులు వినగా వినగా ఒక సంగతి అర్థమైంది: మొదటిసారి ‘బాష’ అని పలికి, ఆగి, మళ్ళీ ‘భాష’ అని సరిదిద్దుకుని ముందుకు వెళ్ళేది. తర్వాత్తర్వాత ఆ సవరణలు రికార్డులో వినిపించడం మానేశాయి. అడిగితే, పంపే ముందు తానే విని, తప్పు ఉంటే చెరిపేసి మళ్ళీ మాట్లాడి పంపుతున్నానని చెప్పింది. తన మాటను తానే పరాయివారి మాటలా వినగలగడం భాషాభ్యాసంలో పెద్ద మలుపు. ఆ అవకాశం నిండు తరగతిలో మనం ఆమెకు ఇవ్వలేకపోయేవాళ్ళం.

ఇక్కడ ఉచ్చారణ గురించి ఒక మాట చెప్పాలి. శ, ష, సల తేడా, ల, ళల తేడా, ఒత్తులు సరిచేయడం మన పని. శ్రీకాకుళం పిల్లవాడి యాసను, పల్నాటి పిల్లవాడి యాసను చెరిపేయడం మన పని కాదు. ఉచ్చారణకు మార్కులు వేసే యంత్రాలకు ఆ రెండింటి మధ్య తేడా తెలియదు. తెలుగు విషయంలో వాటి తీర్పును అంతిమంగా తీసుకోకూడదు. ఆంగ్లంలోనూ మన పిల్లలను పరదేశపు గొంతుతో పోల్చి తక్కువ మార్కులు వేసే యంత్రానికి ఇంటర్నల్స్ అప్పగించకూడదు.

రాత విషయానికి వస్తే, మొదటి అడ్డంకి మన వైపే ఉంది. మనలో చాలామంది దగ్గరున్న తెలుగు నోట్సు డీటీపీలో అనూ ఫాంట్లతో కూర్చినవి. వాటిని అలాగే విద్యార్థి ఫోనుకు పంపితే గుర్తు తెలియని గీతలు, ఆంగ్లాక్షరాలు కనిపిస్తాయి. పీడీఎఫ్ చేసి పంపితే చూడడానికి బాగుంటుంది గాని అందులో ఒక మాట కోసం వెతికితే దొరకదు. ఏ ఫోనులోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర సంకేత పద్ధతి యూనికోడ్. తెలుగు అందులో 1991 నుంచీ ఉంది. పాత నోట్సు దానిలోకి మార్చుకోవడం విసుగు పుట్టించే పనే అయినా, ఆన్‌లైన్ కోర్సుకు అదే పునాది. దీనివల్ల మరొక మేలు ఉంది. చూపులేని విద్యార్థి ఫోను యూనికోడ్ పాఠాన్ని చదివి వినిపించగలదు. స్కాన్ చేసిన పేజీ ఆ ఫోనుకు ఒక బొమ్మ మాత్రమే. ఆ ఒక్క కారణం చాలు, ఈ పని వెంటనే మొదలుపెట్టడానికి.

విద్యార్థుల వైపు సమస్య వేరు. ఆంగ్లాక్షరాల్లో టైప్ చేస్తే తెలుగు మాటలను చూపించే కీబోర్డులకు వారు అలవాటు పడ్డారు. కీబోర్డు చూపిన మొదటి మాటను నొక్కేస్తారు. ‘అర్థం’ రావలసిన చోట ‘అర్ధం’ వచ్చినా, ‘విద్యార్థి’కి బదులు ‘విద్యార్ధి’ వచ్చినా వారి కన్ను ఆగదు, ఎందుకంటే ఆ అక్షరాలను కూర్చింది వారి చెయ్యి కాదు. అందువల్ల మొదటి సంవత్సరంలో కొన్ని వ్యాసాలను కాగితంమీద చేత్తో రాసి, ఫోటో తీసి పెట్టమనడం మంచిది. తర్వాత ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో థకు, ధకు వేర్వేరు మీటలు ఉంటాయి. ఏది కావాలో ముందు మనసులో నిర్ణయించుకుంటే తప్ప వేలు కదలదు. టైపింగ్ నేర్పడం భాషాశాఖ పని కాదనేవారితో నేను ఏకీభవించను. ఈ కాలంలో రాయడం నేర్పడంలో అది భాగమే.

2022 నవంబరులో అడిగితే వ్యాసం రాసిపెట్టే చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత ఇంటికిచ్చే వ్యాసరచన సంగతి ఏమిటని మీలో చాలామంది అడగదలచుకున్నారని తెలుసు. వ్యాసం యంత్రం రాసిందని పట్టుకునే సాఫ్ట్‌వేర్ల మీద, ముఖ్యంగా తెలుగు రాతల విషయంలో, నాకు నమ్మకం లేదు. వాటిని నమ్మి ఒక విద్యార్థిని దొంగ అనడం అన్యాయం. పనిని మార్చడమే దారి. విద్యార్థి మొదటి చిత్తుప్రతి తరగతిలో మన కళ్ళముందు పుట్టాలి. దానిపై వచ్చిన సూచనలు, రెండో ప్రతి, మూడో ప్రతి ఆన్‌లైన్‌లో ఒకదాని కింద ఒకటి ఉండాలి. చివర ఐదు నిమిషాలు ఎదురుగా కూర్చుని ‘ఈ పేరా ఎందుకు తీసేశావు’ అంటే జవాబు చెప్పగలగాలి. విషయం కూడా ఎక్కడో దొరికేది కాకూడదు. ఉదాహరణకు, బెజవాడ యుద్ధమల్లుని శాసనం ఉంది. నన్నయకు ముందే మధ్యాక్కర అనే ఛందస్సులోని పద్యాల్లో చెక్కిన శాసనం, మన ఊరిదే. దాని ప్రతిని, లిపి పట్టికను ఆన్‌లైన్‌లో ఉంచి, ఒక్కొక్క జట్టుకు రెండేసి పంక్తులు ఇచ్చి, అక్షరాలు పోల్చుకుని, పాదానికి ఆరు గణాలు సరిపోతున్నాయో లేదో చూసుకుని, తమ పాఠాన్ని పక్క జట్టు పాఠంతో పోల్చి వాదించుకోమనండి. చర్చావేదిక నిజంగా నిండేది అప్పుడే. ‘తెలుగు భాష గొప్పతనం గురించి మీ అభిప్రాయం రాయండి’ అని ప్రశ్న వేస్తే అరవై ఒకేరకం జవాబులు వస్తాయి.

వసతుల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీకు నాకంటే బాగా తెలుసు. కొన్ని ఇళ్ళలో ఒకటే ఫోను, అది తండ్రి పనిలోకి తీసుకెళ్తాడు. కొన్ని బాలికల హాస్టళ్ళలో రాత్రి ఫోను వాడనివ్వరు. కాబట్టి అందరూ ఒకే గంటలో కనెక్ట్ కావాలన్న ఏర్పాటు భాషా కోర్సులకు వద్దు. వారం రోజుల గడువు ఇచ్చి, కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌ను సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉంచితే చాలావరకు సరిపోతుంది.

చివరగా అధ్యాపకుని సమయం. నా మాటల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. అరవైమంది తలా రెండు నిమిషాలు మాట్లాడి పంపితే వినడానికే రెండు గంటలు పడుతుంది. ప్రతి ఒక్కరికీ రెండు వాక్యాల జవాబు రాస్తే మూడు గంటలు దాటుతుంది. నాలుగు సెక్షన్లుంటే పన్నెండు గంటలు. 2018 యూజీసీ నిబంధనలు అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన అన్నాయి. ఆ పదహారూ తరగతి గదిలోనే గడిచిపోతే ఈ పన్నెండు గంటలు ఎక్కడినుంచి వస్తాయి? రాత్రి పదింటికి ఇంట్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినే అధ్యాపకురాలి నుంచి, గంటకింత అని జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీ నుంచి వస్తాయి. ఒక సెమిస్టర్ ఉత్సాహంగా జరిగి, రెండో సెమిస్టర్‌కు జవాబులు ఆగిపోయి, మూడో సెమిస్టర్‌కు విద్యార్థులు పంపడం మానేసిన ప్రయత్నాలను నేను చూశాను. అక్కడ ఆగిపోయింది సాంకేతికత వల్ల కాదు.

కొంత భారం మనం తగ్గించుకోవచ్చు. ప్రతివారం ఒక సెక్షన్‌లో ఇరవైమంది రికార్డులే పూర్తిగా విని, మూడు వారాల్లో అందరినీ చుట్టిరావచ్చు. విద్యార్థులు జంటలుగా ఒకరి మాట ఒకరు విని, మనం ఇచ్చిన మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవచ్చు. పదిమందిలో కనిపించిన ఒకే తప్పును పదిసార్లు రాయకుండా తరగతిలో ఒకసారి బోర్డుమీద చెప్పవచ్చు. ఇన్ని చేసినా సెక్షన్‌కు వారానికి ఒక గంట పని మిగిలే ఉంటుంది; ఆ గంట టైమ్‌టేబుల్‌లో ఉండాలి.

ఈ సభలో పాఠ్యప్రణాళిక నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులు ఉన్నారు, ప్రిన్సిపాళ్ళు కూడా ఉన్నారు. వచ్చే సెమిస్టర్‌లో అన్ని భాషా పేపర్లనూ ఒకేసారి మార్చవద్దు. ఒక పేపరు, అందులో ఒక యూనిట్ తీసుకోండి. ఆ యూనిట్‌కు వారానికి నాలుగు పీరియడ్లు ఉంటే మూడు తరగతిలో, ఒకటి ‘ఆన్‌లైన్ దిద్దుబాటు’ పేరుతో అధ్యాపకుని టైమ్‌టేబుల్‌లో బోధన గంటగానే రాయండి. గెస్ట్ ఫ్యాకల్టీకి ఆ గంటకూ వేతనం లెక్కకట్టండి. సెమిస్టర్ పూర్తయ్యాక లాగిన్ల సంఖ్య, వీడియోలు చూసిన నిమిషాలు నివేదికలో అడగవద్దు. ఒక్కో విద్యార్థి ఎన్నిసార్లు మాట్లాడాడు, ఎన్నిసార్లు రాశాడు, ఎన్నిటికి జవాబు వెళ్ళింది అన్న మూడు అంకెలు అడగండి. వాటితో పాటు మొదటి వారంలోనూ చివరి వారంలోనూ రికార్డు చేసిన ఐదుగురు విద్యార్థుల గొంతులు తెప్పించుకుని, రెండో యూనిట్‌కు అనుమతి ఇచ్చే ముందు బోర్డు సమావేశంలో అందరూ కూర్చుని వినండి.